సీ డ్రైవ్ ఎర్రబడితే

ఏమండోయ్, భోజనాలయ్యాయా? అయితే ఆ స్టూలు గోడ దగ్గరికి లాక్కోండి. కరెంటు కూడా ఇప్పుడప్పుడే వచ్చేట్టు లేదు. మన స్టూడియో అబ్బాయి సిస్టమ్‌లో రెండో ఎస్ఎస్‌డీ పెట్టుకున్నాడు, ఆ సంగతి మీకు చెప్పకపోతే నాకు తోచదు. కంప్యూటర్ గొడవ నాకెందుకు అంటారేమో. మీ పెద్దమ్మాయి పెళ్ళి వీడియో ఎక్కడుందనుకున్నారు? ఆ సీపీయూలోనే. అప్పగింతలప్పుడు మీరు కళ్ళొత్తుకున్నదీ, మరుక్షణం కొంగు సర్దుకుని వియ్యపురాలి పక్కన నవ్వుతూ నిలబడ్డదీ, అప్పడాలు సరిపోలేదని మీ ఆడపడుచు మూతి ముడిచినదీ, అన్నీ అందులో ఉన్నాయి. మూతి ముడిచింది ఎడిటింగ్‌లో తీసేశాడు లెండి, ఒరిజినల్‌లో మాత్రం ఉంది. నేను చూశాను.

భద్రాచలంలో స్టూడియో పెట్టుకుంటే ఊరి పెళ్ళిళ్ళతో సరిపోతుందా? అటు దుమ్ముగూడెం, చర్ల, ఇటు కూనవరం, చింతూరు, అడవి ఊళ్ళ వాళ్ళు కూడా ఇక్కడికే వస్తారు. చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆంధ్రలో కలిశాయి. కలిస్తే ఏం, పెళ్ళి ఆల్బమ్‌కి సరిహద్దు ఎవరడిగారు? ఏటా శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం అవుతుందా, ఆ ముత్యాల తలంబ్రాలు తెచ్చి పెళ్ళికాని పిల్లల నెత్తిన వేస్తారు. ఇక అక్కణ్ణుంచి వేసవి ముహూర్తాలన్నీ ఈ అబ్బాయి నెత్తిన పడతాయి. కోయవాళ్ళ పెళ్ళికి వెళ్ళాడంటే మరీ. కొమ్ములు కట్టుకుని డోళ్ళు వాయిస్తూ ఆడటం మొదలుపెడితే వాళ్ళకి అలుపుండదు, కెమెరా ఆపడానికి వీడికి మనసొప్పదు.

మరి ఆ వీడియో అంతా ఎక్కడ పెట్టుకోవాలి? ఇప్పుడందరికీ 4కె కావాలి. పెళ్ళికొడుకు తాతగారికి కళ్ళు సరిగ్గా ఆనకపోయినా సరే, 4కె కావాల్సిందే. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిచాయనుకోండి, 360 జీబీ. డ్రోన్‌ది వేరే. హల్దీది వేరే. చెట్ల చుట్టూ తిరిగే ప్రీ వెడ్డింగ్ వేరే. వీడి సిస్టమ్‌లో సీ డ్రైవేమో 500 జీబీ ఎస్ఎస్‌డీ, దాని పక్కన పాతవన్నీ దాచుకునే 4 టీబీ హార్డ్ డిస్కు. ఒకరోజు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసుకుంటుంటే సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. అంటే నిండిపోవచ్చిందన్నమాట. రెండర్ సగంలో ఆగిపోయింది. బయట పెళ్ళికూతురి మేనమామ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నాడు. సిగ్నల్ నిలవని ఊరు వాళ్ళది. ఇంటర్నెట్‌లో పంపిస్తానంటే ఆయనకి కుదరదు, పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే టీవీకి పెట్టుకుని ఊరంతా చూస్తారు.

ఎవరో కొత్త సిస్టమ్ కొనేయమన్నారు. లక్ష పైమాటే. వాళ్ళమ్మ ఆ మాట విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడు సారపాక నుంచి వాళ్ళ బావ వచ్చాడు. పేపర్ మిల్లులో పని, కంప్యూటర్లంటే పిచ్చి. ఆ అబ్బాయి మీకు తెలుసులే, పోయినసారి సంక్రాంతికి మీ మామిడి చెట్టెక్కినవాడు. "బామ్మర్దీ, ఇల్లు చాలకపోతే వెనకాల ఒక గది వేసుకుంటాం గానీ ఇల్లే పడగొడతామా?" అన్నాడు. సీ డ్రైవ్‌ని కదిలించక్కర్లేదు, విండోస్ మళ్ళీ వేయక్కర్లేదు, హార్డ్ డిస్కు తీయక్కర్లేదు. పక్కన ఇంకొకటి పెడితే చాలు.

చాలు అన్నాడే గానీ, కొనే ముందు వాడు పెట్టిన పరీక్షలు చూడాలి. ముందు మదర్‌బోర్డు పేరు చెప్పమన్నాడు. మనవాడు సీపీయూ కంపెనీ పేరు చెప్పాడు. అది కాదన్నాడు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్నచోట చూస్తే మోడల్ నంబరు దొరికింది. దాన్నిబట్టి కంపెనీ వాళ్ళ మాన్యువల్ ఫోన్లోకి దించుకున్నాడు. ఎందుకంత తతంగం అంటే, ఈ ఎస్ఎస్‌డీలు రెండు మూడు రకాలున్నాయి. రెండున్నర అంగుళాల డబ్బీ ఒకటి. దానికి శాటా కేబుల్ ఒకటి డేటాకి, ఇంకొకటి కరెంటుకి పెట్టాలి. సెకనుకి 550 ఎంబీ దాకా నడుస్తుంది, అంతకంటే ఆ కేబుల్ పోనివ్వదు. రెండోది ఎం.2 రకం. మామూలుగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, వైరే ఉండదు, బోర్డు మీదే నేరుగా గుచ్చుకుంటుంది. అందులోనూ మళ్ళీ రెండు జాతులు. చూడటానికి అక్కచెల్లెళ్ళు. ఒకటి శాటా వేగమే, ఇంకొకటి ఎన్‌వీఎంఈ. మూడో తరం ఎన్‌వీఎంఈ సెకనుకి 3500 ఎంబీ దాకా చదువుతుంది, నాలుగో తరంది 7000 దాకా. కొన్ని బోర్డుల్లో రెండో స్లాట్ ఒక జాతినే ఒప్పుకుంటుంది. నాలుగో తరంది కొని మూడో తరం స్లాట్‌లో పెడితే పనిచేస్తుంది గానీ, వేగం మాత్రం స్లాట్‌దే. పెట్టిన డబ్బుకి ఫలం ఉండదు. అందుకని మాన్యువల్ చూశాకే కొనాలి.

ఇక కొనడం. ఖమ్మం వైరా రోడ్డులో కంప్యూటర్ షాపులున్నాయి. కానీ మన కుర్రాళ్ళకి సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీకి వెళ్ళొస్తే గానీ తృప్తి ఉండదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తిపేరు ఎవరూ అనరు, సీటీసీ అంటే చాలు. ఒక షాపులో అడగడం, పక్క షాపులో అడగడం, మళ్ళీ మొదటి షాపుకే వచ్చి యాభై రూపాయలు తగ్గించమనడం. ఆ రోజు కరిజ్మా ఆల్బమ్ ప్రింటుకి ఇచ్చే పని కూడా ఉండబట్టి రాత్రి బస్సెక్కి వెళ్ళి 1 టీబీ ఎన్‌వీఎంఈ తెచ్చుకున్నాడు. మూడో తరందే, వీడి స్లాట్‌కి తగ్గది. వాళ్ళమ్మ డబ్బా విప్పి చూసి, ఇంత డబ్బు పోసి ఈ రేకు ముక్క తెచ్చావా అంది. పాపం ఆవిడ అనడంలో తప్పు లేదు. 1956లో ఐబీఎం వాళ్ళు తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో ఒక్కోటీ 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టింది సుమారు 5 ఎంబీ. మీ ఫోన్లో ఒక ఫోటో పడితే గొప్ప. తోషిబాలో ఫుజియో మసుఓకా అనే ఇంజనీరు 1987లో నాండ్ ఫ్లాష్ అనేది లోకానికి చూపించబట్టి, తిరిగే పళ్ళేలు లేకుండా చిప్పుల్లోనే దాచుకునే దారి ఏర్పడింది. మన ఇళ్ళల్లోకి వచ్చేసరికి ఇంకో పాతికేళ్ళు పట్టిందనుకోండి.

విప్పే రోజు శుక్రవారం. రాహుకాలం దాటాక మొదలుపెట్టమని వాళ్ళమ్మ. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఇద్దరూ సీపీయూ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా దాని మీద ఇంకా ఉన్నాయి. నేను కిటికీ దగ్గరే ఉన్నా. బట్టలారేసుకోవడానికి వెళ్ళానండీ, పనిగట్టుకుని చూడ్డానికి కాదు.

ముందు విండోస్ షట్‌డౌన్ చేశారు. వెనక స్విచ్ ఆపేశారు, ప్లగ్ కూడా పీకేశారు. ఆ తర్వాత పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు బావ, లోపల మిగిలిన కరెంటు పోవడానికట. సీపీయూని పక్కకి పడుకోబెట్టి రేకు తీశారు. దుమ్మండీ, ఏం దుమ్ము! ఇసుక లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లాయె. ఫ్యాను సందులో రెండు బల్లి గుడ్లు. వాళ్ళమ్మ వాటిని కాగితం మీదికి ఎత్తి జామచెట్టు మొదట్లో పెట్టొచ్చింది. వచ్చి తొంగి చూడబోతే బావ చెయ్యడ్డం పెట్టాడు. "అత్తా, ఆ పాలిస్టర్ చీరతో ఇటు రాకు" అన్నాడు. బట్ట రాపిడికి పుట్టే కరెంటు మనకి తెలియను కూడా తెలియదు, చిప్పుకి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. వాడు కూడా మాటిమాటికీ సీపీయూ లోపలి ఇనప రేకుని ముట్టుకుంటూనే ఉన్నాడు, ఒంట్లో ఉన్నది అందులోకి దిగిపోవడానికి.

రెండో స్లాట్ ఎక్కడుందీ? గ్రాఫిక్స్ కార్డు కింద. వెనక స్క్రూ విప్పి, కరెంటు వైరు తీసి, చివర ఉన్న చిన్న పిన్ను వేలితో నొక్కి కార్డు పైకి లేపాలి. పిన్ను నొక్కకుండా లాగితే స్లాటే ఊడిరావచ్చు. తీసిన స్క్రూలన్నీ స్టీలు పళ్ళెంలో వేశారు. అంతా బాగానే ఉంది గానీ, ఎస్ఎస్‌డీ చివర బిగించే స్క్రూ లేదు. అది 2 మిల్లీమీటర్ల స్క్రూ, సీపీయూ రేకు స్క్రూలు దానికి పట్టవు. మదర్‌బోర్డు కొన్న రోజు డబ్బాలో వచ్చే ఉంటుంది. ఆ డబ్బా ఎక్కడా? అటక మీద. దించి చూస్తే అందులో వాళ్ళమ్మ రవిక హుక్కులు, చీర ఫాల్సు, 2019 నాటి కరెంటు బిల్లులు. ఆ హుక్కుల మధ్య దొరికింది స్క్రూ. ఎందుకో తెలియకపోయినా ఆవిడ పారేయలేదు చూడండి. మీరైతే ఊడ్చేసేవారు. అనుకోకండి, మీ చేతి శుభ్రం నాకు తెలుసుగా.

ఎస్ఎస్‌డీ అంచున చిన్న గాటుంటుంది. అది స్లాట్‌లో ఉన్న అడ్డుకి సరిపోయేలా పట్టుకుని, కొంచెం ఏటవాలుగా గుచ్చాడు. చివర పైకి లేచి నిలబడింది. మనవాడు కంగారుపడ్డాడు. అది అట్టాగే ఉండాలట, కిందికి వంచి స్క్రూతో పట్టిస్తే సరి. దాని మీద కప్పే రేకుకి లోపలివైపు మెత్తని పట్టీ ఉంది, పట్టీ మీద పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ పొర పీకకుండా బిగిస్తే వేడి పైకి రాదు. ఇక్కడి వేసవి మీకు నేను చెప్పాలా? 45 డిగ్రీలు మామూలేనాయె. గ్రాఫిక్స్ కార్డు కింద చోటు ఇంకా వేడి. బాగా కాగితే ఎస్ఎస్‌డీ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోకుండా. మనం కొత్తది నెమ్మదించిందని షాపువాణ్ణి తిట్టుకుంటాం.

అన్నీ బిగించి ఆన్ చేశారు. ఇప్పుడు చెప్తా అసలు కథ. విండోస్ వచ్చింది. కొత్త డిస్కు కనపడలేదు. అంతకన్నా ఘోరం, పాత 4 టీబీ హార్డ్ డిస్కు కూడా కనపడలేదు! అది కనపడే ఈ (E) డ్రైవ్ ఉన్నచోట ఏమీ లేదు. ఏళ్ళ తరబడి తీసిన పెళ్ళిళ్ళన్నీ అందులోనే. మనవాడికి నోట మాట రాలేదు. వాళ్ళమ్మ "రామయ్య తండ్రీ" అని అక్కడే చతికిలబడింది. నా చేతిలో తడి చీర అట్టాగే ఉండిపోయింది.

బావ మాత్రం కంగారుపడకుండా ఫోన్లో మాన్యువల్ మళ్ళీ తెరిచాడు. చిన్నక్షరాల్లో ఒక గమనిక. రెండో ఎం.2 స్లాట్ వాడితే 5, 6 నంబర్ల శాటా పోర్టులు పనిచేయవు. రెంటికీ బోర్డులో దారి ఒకటే, కొత్తది వస్తే పాతది తప్పుకోవాలి. చాలా బోర్డుల్లో ఇట్టాంటి షరతు ఉంటుంది, ఏ పోర్టు పోతుందన్నది బోర్డుని బట్టి. వీడి హార్డ్ డిస్కు కేబుల్ సరిగ్గా ఐదో పోర్టులోనే ఉంది. మళ్ళీ ఆపి, ప్లగ్ పీకి, కేబుల్ రెండో పోర్టులోకి మార్చాడు. ఆన్ చేస్తే హార్డ్ డిస్కు ఉన్నచోటే ఉంది. ఒక్క ఫోటో పోలేదు. వాళ్ళమ్మ లేచి వెళ్ళి అందరికీ టీ పెట్టింది. నాకూ ఇచ్చింది, అల్లం ఎక్కువేసి.

కొత్త డిస్కు కనపడకపోవడానికి కారణం వేరు. అది అప్పుడే పుట్టిన పిల్ల, పేరు పెట్టాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, ఇనిషియలైజ్ చేయాలి, జీపీటీయా, ఎంబీఆరా అని అడిగింది. ఎంబీఆర్ పాత పద్ధతి, 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. జీపీటీ ఎంచుకున్నారు. నల్లగీత కింద అన్‌అలొకేటెడ్ అని ఉన్న ఖాళీ మీద న్యూ సింపుల్ వాల్యూమ్ చేసి, ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేశారు. ఆ ఫార్మాట్ మాట దగ్గర మాత్రం బావ మనవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. డిస్కు సైజు పైకి చదవమన్నాడు. 931 జీబీ. మళ్ళీ చదవమన్నాడు. పక్కనే 4 టీబీది ఉందాయె, పొరపాటున దాన్ని నొక్కితే ఇందాకటి ఏడుపు నిజమవుతుంది.

1 టీబీకి డబ్బిస్తే 931 ఏమిటని మనవాడు మొహం మాడ్చుకున్నాడు. షాపువాడి మోసం కాదండీ. కంపెనీ వెయ్యేసి చొప్పున లెక్కకట్టి లక్ష కోట్ల బైట్లు ఇస్తుంది. విండోస్ 1024 చొప్పున భాగించి చూపిస్తుంది. సరుకు సమానమే, కొలపాత్ర వేరు. డ్రైవ్‌కి అక్షరం ఎంచుకోమంటే మనవాడు ఆర్ పెట్టాడు. రాముడికట. ఇంతకుముందు హార్డ్ డిస్కుకి కూతురి ముద్దుపేరు పెట్టుకున్నాడు.

ఇక ఏది ఎక్కడ ఉండాలో సర్దారు. విండోస్, సాఫ్ట్‌వేర్లు పాత ఎస్ఎస్‌డీలోనే. ఇప్పుడు నడుస్తున్న పెళ్ళిళ్ళు, ఎడియస్ రాసుకునే తాత్కాలిక ఫైళ్ళు ఆర్ డ్రైవ్‌లో. పని అయిపోయినవి హార్డ్ డిస్కులోకి. మనవాడు ఉత్సాహంగా కెమెరా కార్డు పెట్టి కాపీ కొట్టాడు. ఎప్పటంత సేపే పట్టింది! కార్డు సెకనుకి 90 ఎంబీ ఇస్తుంటే ఎస్ఎస్‌డీ ఏం చేస్తుంది, ఇచ్చినంతే తీసుకుంటుంది. 360 జీబీకి గంట పైనే. తేడా అంతా ఆ తర్వాత. రెండు కెమెరాలవీ ఒకేసారి పెట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతుంటే ఎక్కడా బిగుసుకోలేదు. హార్డ్ డిస్కులో అయితే పళ్ళేలు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతున్నా సరే, దాని ముల్లు ఒక కెమెరా దగ్గర్నుంచి ఇంకో కెమెరా దగ్గరికి పరిగెత్తాలి. ఇక్కడ పరిగెత్తేదే లేదు. తలంబ్రాల దగ్గర పెళ్ళికూతురు నవ్విన ఆ ఒక్క క్షణం కోసం ఎన్నిసార్లు వెతికాడో. అంత సరదాగా వాడు పని చేసుకోవడం నేను ఈమధ్య చూళ్ళేదు.

ఇంతవరకూ సంతోషమే. కానీ నాకొక మాట గట్టిగా చెప్పాలని ఉంది, మీకూ చెప్తున్నా. చోటు పెరిగిందని ధీమాగా ఉండకూడదు. డిస్కులు మూడైనా పెట్టె ఒక్కటే, పిడుగు పడితే మూడింటికీ ఒకటే కరెంటు. యూపీఎస్ ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఉన్నా సరే వేరే చోట కాపీ ఉండాలి. ఈ కొత్త ఎస్ఎస్‌డీల్లో వీడియోలు నింపి, తీసి బీరువాలో పడేద్దామనుకోకండి. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి వేడిలో పడుంటే అందులో పట్టి ఉంచినవి మెల్లమెల్లగా జారిపోవచ్చు. దాచిపెట్టడానికి హార్డ్ డిస్కే నయం, అదీ రెండు.

మన గోదావరి సంగతి మర్చిపోతామా? 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3. మూడో హెచ్చరికే 53 అడుగుల దగ్గర. ఆ జూలైలో వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఊళ్ళకి ఊళ్ళు మంచాలూ, బియ్యం బస్తాలూ నెత్తిన పెట్టుకుని కదిలాయి. అట్టాంటప్పుడు ఎవరికి ఆల్బమ్ గుర్తొస్తుంది? నీళ్ళు తీశాక చర్ల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది స్టూడియోకి. ఆల్బమ్ బురదలో ముద్దయిపోయింది. తండ్రి ఆ మధ్యే పోయాడట. పెళ్ళిలో ఆయన డోలు కొట్టిన ముక్క ఉంటే ఇవ్వమని అడిగారు. వీడి హార్డ్ డిస్కులో ఉంది కాబట్టి సరిపోయింది.

కోయవాళ్ళలో వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాటకట్టి తరం నుంచి తరానికి చెప్పేవాళ్ళున్నారు. ఇందాకటి కూనవరం కాదు, మణుగూరు మండలంలోని కూనవరం సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది అందుకే. 2024లో ఆయన కన్నుమూశారు. అంత పెద్ద గొంతులో నిలిచి ఉన్నది కూడా మనిషితోపాటు వెళ్ళిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే పెళ్ళిలో ముసలాళ్ళు పాడుతుంటే కెమెరా ఆపకు, తీసింది చెరపకు అని వీడికి చెప్తూనే ఉంటా. చోటు లేదు పిన్నీ అనేవాడు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

వాడూ ఊరుకోలేదు లెండి. ఇంకో హార్డ్ డిస్కు కొని అన్నిటికీ కాపీ తీశాడు. భార్య పాల్వంచలో పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకెళ్తుంది, కొత్తవి నింపడానికి మళ్ళీ తెస్తుంది. గోదావరి ఎంత పొంగినా పాల్వంచలో ఆ ఇంటి గడప దాకా రాదు. సరే గానీ, మీ అమ్మాయి పెళ్ళి పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టారు? తాళంచెవుల డబ్బాలోనా? మీవారు మీ పుట్టింటివాళ్ళ ముందు డాన్సు చేసిన వీడియో కూడా అందులోనేగా ఉన్నదీ! లేవండి, వెతికి తీసుకురండి. స్టూడియో అబ్బాయి భార్య ఆదివారం పాల్వంచ వెళ్తోంది. ఈలోపు మీది కూడా ఆ హార్డ్ డిస్కులో వేయించేస్తాను.